నీ పాట నాకు నేర్పు

వాక్యభాగం: కొలొస్సయులకు 3:16

ఈ ఉదయం మిమ్మల్ని రెండు చిన్న ప్రశ్నలు అడిగి వాక్యంలోకి వెళ్దామని ఆశపడుతున్నాను. మీకు అన్నిటికంటే ఇష్టమైన క్రైస్తవ గీతం ఏది? దాన్ని మీకు ఎవరు నేర్పారు?

మొదటి ప్రశ్నకు జవాబు వెంటనే వస్తుంది. రెండవదానికి కాసేపు ఆలోచించాలి. అమ్మ పొయ్యి దగ్గర పాడుతుంటే వచ్చిందేమో. సండేస్కూలు టీచరమ్మగారు నేర్పారేమో. మా ఇంట్లోనైతే నాన్నగారి రేడియో నేర్పింది. సీషెల్స్ దీవుల నుండి షార్ట్‌వేవ్‌లో తెలుగు క్రైస్తవ ప్రసారాలు వచ్చేవి. 2003లో ఆ ప్రసారాలు ఆగిపోయాయి గాని, మా తరం చిన్నతనమంతా ఆ గరగర శబ్దం మధ్య వినిపించిన పాటలతోనే గడిచింది. ఇరుగుపొరుగు వారు వచ్చి అరుగు మీద కూర్చునేవారు. పాట అయిపోయాక, "ఆ రెండో చరణం ఏమన్నాడండీ?" అని ఒకరినొకరు అడిగి నేర్చుకునేవారు. ఎవరికీ ఏ పాటా దానంతటదే రాలేదు. ఎవరో ఒకరు దాన్ని మన నోట ఉంచారు.

పాట కూడా బోధే

కొలొస్సయి సంఘానికి రాస్తూ పౌలుగారు పాటను గురించి ఒక విశేషమైన మాట చెప్పారు. మనం దేవునికి పాడుతామని అందరికీ తెలుసు. అయితే పాటల ద్వారా మనం ఒకరికొకరం బోధించుకోవాలని, బుద్ధి చెప్పుకోవాలని కూడా ఆయన అంటున్నాడు. ప్రసంగ వేదిక మీద నిలబడేవాడు ఒక్కడే బోధకుడు కాదు. పక్కవానికి ఒక పాట నేర్పిన ప్రతి విశ్వాసీ బోధకుడే. కాబట్టి నాకు ఇష్టమైన పాటను నీకు నేర్పడం, నీకు ఇష్టమైన పాటను నేను నేర్చుకోవడం కాలక్షేపం కాదు, అది పరిచర్య.

ఈ సంగతి నేను వేదాంత కళాశాలలో చదివాను. పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి. కానీ దాని అర్థం మాత్రం ఒక పల్లెటూరి మామ్మ దగ్గర నేర్చుకున్నాను.

నా పొరపాటు

చదువు ముగించి కృష్ణా డెల్టాలోని ఒక పల్లె సంఘానికి కాపరిగా వెళ్లిన తొలి రోజులవి. యౌవనస్థులు చందాలు వేసుకొని కీబోర్డు కొన్నారు. గల్ఫ్‌లో పనిచేసే ఒక సహోదరుడు ప్రొజెక్టరు పంపించాడు. ఇక ప్రతి ఆదివారం ఒక కొత్త పాట, మాటలు తెర మీద. పిల్లలు ముందు వరుసల్లోకి వచ్చారు. నాకు సంతోషంగా ఉంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ప్రభు భోజనపు ఆదివారానికి మాత్రమే మిగిలింది.

ముందు చాప మీద కూర్చునే ఒక మామ్మ ఉండేది. పాట మొదలైతే చాలు, ఒడిలో అరచేత్తో తాళం వేసేది. ఆ చెయ్యి కదలడం మానేసిందని నేను గమనించేసరికి ఆరు నెలలైంది. ఇంటికి వెళ్లి అడిగాను: "ఒంట్లో బాగుండటం లేదా మామ్మా?"

"బాగానే ఉంది అయ్యగారూ. పాటే రావట్లేదు."

"మాటలు తెర మీద వేస్తున్నాం గదమ్మా?"

"నాకు అక్షరం ముక్క రాదు గదా అయ్యగారూ. ఆ తెర మీద మీకు పాట కనపడుద్ది. నాకు వెలుగే కనపడుద్ది." కాసేపాగి మళ్లీ అంది: "నా బైబిలు ఆ కీర్తనలేనయ్యా."

సహోదరులారా, హెబ్రీ, గ్రీకు భాషలు నేర్చుకొని వచ్చిన నేను, చదువురాని ఒక తల్లి చేతిలో నుండి ఆమె బైబిలును తీసేశాను. ఆరు నెలలు తీసేశాను. నాకు తెలియనే లేదు.

తప్పు తెలిసింది. కానీ దిద్దుకోబోయి ఇంకో తప్పు చేశాను. మరుసటి ఆదివారం కొత్త పాటలన్నీ ఆపేసి కీర్తనలే పాడించాను. ఈసారి పిల్లలు మౌనంగా కూర్చున్నారు. ఆరాధన అయ్యాక డిగ్రీ చదివే ఒక అబ్బాయి వచ్చి, "అయ్యగారూ, దురితము అంటే ఏంటండీ? చిన్నప్పటి నుండి పాడుతున్నాను" అన్నాడు. పాపం అని చెప్పాను. "అది తెలిసుంటే ఇంకోలా పాడేవాణ్ణండీ" అన్నాడు.

ఒకరికి అక్షరం అడ్డం, ఇంకొకరికి పదం అడ్డం. ఇద్దరూ ఒకే మందిరంలో కూర్చున్నారు. ఒకరి పాట ఒకరికి అందటం లేదు.

ప్రతి పాత పాటా ఒకప్పుడు కొత్తదే

పాత పాటలే భక్తిగలవి, కొత్తవి తేలికవి అని పెద్దలు అంటారు. కొత్తవాటిలోనే జీవముంది అని పిల్లలంటారు. ఈ తగవు మన ఊళ్లో పుట్టింది కాదు. ఇంగ్లాండులో చాలా సంఘాలు ఒకప్పుడు దావీదు కీర్తనలను ఛందస్సులో పెట్టుకొని అవి మాత్రమే పాడేవి. ఐజక్ వాట్స్ 1707లో తన గీతాల సంపుటిని ప్రచురించినప్పుడు, మనుష్యులు రాసిన పాటలు మందిరంలో ఏమిటని అభ్యంతరం చెప్పినవారున్నారు. ఈనాడు ఆ వాట్స్ గీతాలే పాత పాటలు!

'అమేజింగ్ గ్రేస్' సంగతి చూడండి. దాన్ని రాసిన జాన్ న్యూటన్ ఒకప్పుడు బానిసల ఓడకు కెప్టెను. మారుమనస్సు పొంది ఓల్నీ అనే చిన్న పట్టణంలో కాపరి అయ్యాడు. అక్కడి వారిలో చాలామంది లేసు అల్లుకొని బతికే బీదలు. వారి ప్రార్థన కూటాలకు ఆయన తేలిక మాటల్లో పాటలు రాసేవాడు. 1773 జనవరి 1న చేసిన ప్రసంగానికి తోడుగా ఈ పాట రాశాడు. దినవృత్తాంతముల మొదటి గ్రంథం 17వ అధ్యాయంలో దావీదు దేవుని సన్నిధిని కూర్చుని తానెంతటివాడనని ఆశ్చర్యపడిన సందర్భమే ఆనాటి వాక్యం. ఇక ఇప్పుడు లోకమంతా పాడే రాగం దానికి జతపడింది 1835లో, అంటే 62 సంవత్సరాల తరువాత, అమెరికాలో. అంత పాత పాటకు కూడా కొత్త రాగం వచ్చింది. ఎవరూ నష్టపోలేదు.

మన తెలుగు సంగతి తీసుకుందాం. పురుషోత్తమ చౌదరి గారు (1803-1890) బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో బాప్తిస్మం పొందారు. నూటికి పైగా కీర్తనలు రచించారు. పల్లవి, అనుపల్లవి, చరణాలు, రాగం, తాళం అన్నీ ఈ నేల మీద పెరిగినవే. పరదేశపు రాగాలు అలవాటు లేని చెవులకు సువార్త సొంత ఇంటి గొంతుతో వినిపించింది. మీ దగ్గర కీర్తనల పుస్తకం ఉంటే ఈ రోజు తెరిచి చూడండి. పాట పైన రాగం పేరు, తాళం పేరు ఉంటాయి. కొన్నిటి మీద 'ఛాయ' అని ఉంటుంది. అంటే, మీకు తెలిసిన ఫలానా పాట వరుసలో దీన్ని పాడుకోండి అని అర్థం. తెలిసినదాని చెయ్యి పట్టుకొని తెలియనిదాన్ని నేర్పే పద్ధతి అది. పెద్దలు ఎంత తెలివిగా ఆలోచించారో చూడండి.

తరువాతి శతాబ్దంలో డాక్టర్ ఎ.బి. మాసిలామణి గారు 'నడిపించు నా నావ' రాశారు. లూకా 5వ అధ్యాయంలో రాత్రంతా ప్రయాసపడి వట్టి వలలతో తిరిగి వచ్చిన పేతురు ఆ పాటలో ఉన్నాడు. మన చిన్నప్పుడు యౌవనస్థులు కూటాల్లో పాడుకున్న ఆ పాటను నేటి పిల్లలు 'పాత పాట' అంటున్నారు. ఇప్పటి పిల్లలు ఫోనులో వినే పాటల్లో కొన్ని రేపటి పాత పాటలవుతాయి. ఏవి నిలుస్తాయో మనకు తెలియదు. నిలిచేవాటిని మనమే నేర్చుకొని, మనమే అందించాలి.

లేఖనాల్లో పాతది, కొత్తది

క్రొత్త కీర్తన పాడమని కీర్తనల గ్రంథం మళ్లీ మళ్లీ పిలుస్తుంది. 33, 96, 98, 149 కీర్తనలు చూడండి. అదే దేవుడు ద్వితీయోపదేశకాండము 31వ అధ్యాయంలో మోషేతో ఒక పాట రాసి ఇశ్రాయేలీయులకు నేర్పమని, అది వారి సంతతివారి నోట కూడా నిలిచి ఉంటుందని చెప్పాడు. కొత్తది పాడాలి, పాతది మరువకూడదు. రెండూ ఆయన మాటలే.

లూకా 1వ అధ్యాయంలో మరియ పాడినది కొత్త పాట. అయితే 1 సమూయేలు 2వ అధ్యాయంలోని హన్నా పాటను దాని పక్కన పెట్టి చదవండి. దీనులను లేవనెత్తడం, ఆకలిగొన్నవారిని తృప్తిపరచడం అక్కడా ఉన్నాయి, ఇక్కడా ఉన్నాయి. చిన్ననాట ఆ పాట వినకపోతే ఈ పాట ఎక్కడి నుండి వచ్చేది? మన ప్రభువు కూడా అప్పగింపబడిన రాత్రి శిష్యులతో కీర్తన పాడి ఒలీవల కొండకు వెళ్లాడు. పస్కా పండుగలో యూదులు తరతరాలుగా పాడుకునేవి 113 నుండి 118 వరకున్న కీర్తనలు. సిలువకు వెళ్లే రాత్రి ఆయన నోట ఉన్నది పితరులు నేర్పిన పాత పాటే.

ఎజ్రా 3వ అధ్యాయంలో కొత్త మందిరానికి పునాది వేసినప్పుడు, మొదటి మందిరాన్ని చూసిన ముసలివారు ఏడ్చారు, మిగిలినవారు సంతోషంతో కేకలు వేశారు. ఏది ఏడ్పో ఏది కేకో ఎవరికీ తెలియలేదట. మన సంఘాలు కూడా ఇలాగే ఉన్నాయి. పెద్దల కన్నీరు, పిల్లల ఉత్సాహం కలిసే దేవుని దగ్గరకు చేరుతున్నాయి.

చివరికి ప్రకటన 15వ అధ్యాయానికి రండి. స్ఫటికపు సముద్రం దగ్గర జయించినవారు వీణెలు పట్టుకొని నిలబడ్డారు. వారు పాడేది మోషే కీర్తన, గొఱ్ఱెపిల్ల కీర్తన. ఎఱ్ఱసముద్రపు ఒడ్డున పుట్టిన పాట, సిలువ దగ్గర పుట్టిన పాట, రెండూ పరలోకంలో వినబడుతున్నాయి. అక్కడ లేని తగవు మనకెందుకు?

ఎలా పంచుకోవాలి?

మా సంఘంలో మేము ఒక పని మొదలుపెట్టాం. అయిదవ ఆదివారం వచ్చిన నెలలో, సాయంకాలం పాటల కూటం. తెర లేదు, మైకు లేదు. హార్మోనియం, కంజీర, తాళాలు ఉంటాయి. ఒకరు తమకిష్టమైన పాట ఒకటి తెస్తారు. మూడు సంగతులు చెప్పాలి: దీన్ని ఎవరు రాశారు, ఇది ఏ వాక్యం మీద నిలబడింది, ఇది నాకెందుకు ఇష్టం. తరువాత ఒక్కొక్క పాదం పాడితే మిగిలినవారు వెనుక పాడతారు. పాత పాటలో తెలియని పదముంటే అక్కడే అర్థం చెప్పుకుంటాం.

కొత్త పాట ఎంచుకొనే వారికి మరి రెండు మాటలు చెబుతాను. మొదటిది, అది సామాన్యుని గొంతుకు అందాలి. సినిమా గాయకుడు స్టూడియోలో పాడిన ఎత్తులో సంఘమంతా పాడలేదు, శ్రుతి తగ్గించుకోవాలి. రెండవది, ఎప్పుడూ జయధ్వనులే ఎంచుకోవద్దు. దావీదు గ్రంథంలో ఉన్న 150 కీర్తనల్లో ఎన్నో కన్నీటి మొఱ్ఱలే. 88వ కీర్తనైతే చీకటిలోనే ముగుస్తుంది. ఏడ్చేవానికి కూడా ఆరాధనలో ఒక పాట ఉండాలి.

మొదటి కూటంలో ఆ డిగ్రీ అబ్బాయి ఒక కొత్త పాట తెచ్చాడు. "పరీక్ష తప్పి ఎవరికీ ముఖం చూపించలేని రోజుల్లో ఇది విన్నానండీ" అన్నాడు. తరువాత మామ్మ ఒక కీర్తన ఎత్తుకుంది. ఎందుకిష్టమని అడిగాను. 1977 నవంబరు 19, ఉప్పెన రాత్రి, మిద్దె మీద చంటిబిడ్డను పట్టుకొని తెల్లవారేదాకా ఆ పల్లవి ఒక్కటే పాడుకుందట. తెల్లవారాక చూస్తే ఇల్లు లేదు, భర్త లేడు. సుమారు ముప్పై ఏళ్లుగా మా మందిరంలో అందరూ ఆ కీర్తన పాడుతున్నారు. దాని వెనుక ఆ రాత్రి ఉందని చాలామందికి తెలియదు.

ఎవరూ మాట్లాడలేదు. ఆ అబ్బాయే లేచి వచ్చి ఆమె చాప మీద కూర్చున్నాడు. "మామ్మా, ఆ పాట నాకు నేర్పు" అన్నాడు. "నీది నాకు నేర్పు నాయనా" అంది ఆమె.

ఆమె నేర్చుకుంది. రెండవ చరణంలో ఒక మాట మాత్రం ఎప్పుడూ తప్పు పాడేది. ఈ అబ్బాయి ఎప్పుడూ దిద్దేవాడు. మామ్మ ప్రభువునందు నిద్రించి కొన్నేళ్లయింది. సమాధి ఆరాధనలో అతడు ఆమె కీర్తనను పుస్తకం లేకుండా అన్ని చరణాలూ పాడించాడు. తరువాత తన పాట పాడాడు. రెండవ చరణం దగ్గర, మామ్మ పాడినట్టే పాడాడు.

ప్రియమైన వారలారా, ఈ వారం ఒక పని చేయండి. మీ ఇంట్లో పెద్దవారుంటే, వారికిష్టమైన పాట ఏదో, ఎందుకిష్టమో అడిగి నేర్చుకోండి. పెద్దలారా, మీ మనవడి చెవుల్లో మ్రోగుతున్న పాట ఏదో అడగండి, ఒక్కటైనా నేర్చుకోండి.

ప్రార్థన చేసుకుందాం. మా పరలోకపు తండ్రీ, మా పితరుల నోట ఉంచిన పాటల కొరకు, మా పిల్లల నోట ఉంచుతున్న పాటల కొరకు నీకు స్తోత్రములు. ఒకరి పాటను ఒకరు ప్రేమతో వినే మనస్సు మాకు దయచేయుము. పాట రాక మౌనంగా కూర్చున్న వారిని గుర్తించే కన్నులు మాకిమ్ము. యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.