గరికపాడు పొలిమేర

అత్తిలి చేలలో పండిన ధాన్యము మిల్లు చేరి, బియ్యమై బస్తాల కెక్కి, హైదరాబాదునకు బయలుదేరినచో తాడేపల్లిగూడెము, ఏలూరు, బెజవాడ, నందిగామ, జగ్గయ్యపేటలు గడచి గరికపాడు నొద్ద పొలిమేర దాటవలెను. నడుమ పాలేరు, ఆవల కోదాడ సీమ. మహారాష్ట్రపు ఉల్లిపాయలు తాడేపల్లిగూడెము బజారునకు వచ్చునదియు ఈ త్రోవనే. చూచుటకు అది యొక వంతెన, ఒక తనిఖీ చావడి మాత్రమే. కాని పెద్దలారా, మన కళ్ళములలోని ధరకును ఆ చావడికిని గల సంబంధము తెలిసికొనదగినది.

ఈ పొలిమేర క్రొత్తది కాదు. జగ్గయ్యపేట చెన్నరాజధానిలోను, కోదాడ నైజాము సంస్థానములోను ఉన్న కాలమున సరకు ఒక ప్రభుత్వమునుండి వేరొక ప్రభుత్వమునకు పోవుచుండెను. నైజామునకును ఇంగ్లీషు కంపెనీకిని 1802లో జరిగిన వర్తకపు టొడంబడిక సుంకమును నూటికి 5 వంతులుగా నిర్ణయించెను. నూరు రూపాయల సరకుపై ఆ యైదు రూపాయలు ఎవరు మోయుదురు? బేరములో ఎవరికి తొందర హెచ్చో వారు. అప్పు తీర్చుటకై కళ్ళములోనే ధాన్యమమ్ముకొను రైతునకు తొందర హెచ్చు, షాహుకారునకు తక్కువ.

1948 సెప్టెంబరులో సంస్థానము భారతదేశమున కలిసెను. 1956 నవంబరు 1వ తేదీని ఆంధ్రప్రదేశ మేర్పడగా ఆ పొలిమేర జిల్లాల నడిమి గట్టుగా మాత్రము మిగిలెను. 2014 జూను 2వ తేదీని తెలంగాణము వేరగుటతో మరల రాష్ట్రపు సరిహద్దయి, లారీలు పన్నుల తనిఖీకై నిలువజొచ్చెను. 2017 జూలై 1వ తేదీని దేశమంతటికి జి.ఎస్.టి. వచ్చి ఆ పన్నుల చావళ్ళను తొలగించెను. అప్పటికి బదులుగా 2018 ఏప్రిలు 1వ తేదీనుండి, 50,000 రూపాయలకు మించిన పన్నుపడు సరకు రాష్ట్రము దాటునప్పుడు ఇ-వే బిల్లు అను పత్రము వెంట నుండవలెను.

పన్ను పోయినంతమాత్రమున పొలిమేర పోయినదనుకొనరాదు. ఇరుప్రక్కల ధర వేరైనచోట అది మరల లేచును. 2024 వానకాలపు పంటకు తెలంగాణ ప్రభుత్వము సన్నవడ్లకు క్వింటాలునకు 500 రూపాయల బోనసు నిచ్చెను. ఆ సొమ్ము తమ రైతులకే చెందవలెనని కోరు ప్రభుత్వము పొరుగు ధాన్యము రాకుండ కాపలా పెట్టుట సహజము.

ఆపద వచ్చినప్పుడు త్రోవ మూయుటయు కలదు. 2020 మార్చిలో కరోనా బందునందు స్వగ్రామములకు మరలుచున్న మన పిల్లలు గరికపాడులో నిలిచిపోయిరి. 2021 మే నెలలో రోగులతో పోవు అంబులెన్సులు ఆపబడగా, 14వ తేదీని తెలంగాణ హైకోర్టు ఆ యుత్తరువును నిలిపివేసెను. 2024 సెప్టెంబరు మొదటి దినములలో పాలేరు వరద రహదారిని త్రెంపివేయగా లారీలు రెండు దరులను బారులుతీరి నిలిచెను. నిలిచిన లారీ బాడుగ, డ్రైవరు బత్తెము, చెడిన కాయగూరల నష్టము తుదకు ధరలోనే తేలును.

కావున ధాన్యమును దూరపు బజారునకు పంపదలచినవారు ముందుగా మూడింటిని విచారింపవలెను: అచటి ధర యెంత, వెంట నుండవలసిన పత్రములేవి, ఆ సమయమున పొలిమేర తెరచియున్నదా. ఈ మూడును తెలిసిన ఊరిలో రైతు తొందరపడి అమ్ముకొనడు. తొందరపడనివాడు పొలిమేర ఖర్చంతయు తానొక్కడే మోయడు.