కుట్లు విడిన కుందేలు

నౌపడ ఉప్పు మడుల మీదుగా వీచే గాలికి మా ఇంట్లో సూది తుప్పు పడుతుంది, పరుపులోని దూది చెమ్మగిల్లుతుంది. ఆ గాలికీ, ఆరేళ్ల మా అమ్మాయి ఆటలకూ ఓర్చి నిలిచినది ఒక గుడ్డ కుందేలు. దాదీమా తమ పాత నూలు చీర చింపి, బూరుగు దూది కూరి, మనుమరాలికి కుట్టి ఇచ్చిన బొమ్మ అది. ఆమె గత రమజాన్‌కు ముందే అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు.

ఇటీవల దాని మెడ దగ్గర కుట్లు విడిపోయాయి. కుట్టి పెట్టమని అమ్మాయి అడిగింది. "రేపు కుడతాము" అన్నాము. మరునాడూ అదే మాట చెప్పాము. మూడవనాడు "టెక్కలి వెళ్లినప్పుడు కొత్తది కొంటాములే" అన్నాము. ఆ తర్వాత తను అడగలేదు. బొమ్మను తలగడ కింద దాచుకుంది.

ఆ మౌనం మాకొక హదీసును గుర్తుచేసింది. ఒక తల్లి "రా, నీకొకటి ఇస్తాను" అని బిడ్డను పిలిచినప్పుడు, ఏమివ్వదలిచావని దైవప్రవక్త (స) అడిగారు. ఖర్జూరమని ఆమె బదులిచ్చింది. ఏమీ ఇవ్వకపోయి ఉంటే అది నీ పేర అబద్ధంగా నమోదయ్యేదని ఆయన హెచ్చరించారు (అబూదావూద్). మా 'రేపు' ఏ ఖాతాలోకి చేరిందో మాకు అర్థమైంది.

బొమ్మ చిన్న విషయమే కదా అనిపించవచ్చు. హజ్రత్ ఆయిషా (రజి) ఆటబొమ్మల్లో గుడ్డపీలికల రెక్కలున్న గుర్రం ఒకటి ఉండేది. గుర్రానికి రెక్కలేమిటని ప్రవక్త (స) అడగగా, సులైమాన్ (అ) గుర్రాలకు రెక్కలుండేవని వినలేదా అని ఆమె అన్నారు. ఆయన మనసారా నవ్వారు (అబూదావూద్). పిల్లల ఆటబొమ్మలకు అధికసంఖ్యాక ధర్మవేత్తలు అనుమతినివ్వటానికి ఇటువంటి హదీసులే ఆధారం. ఇక సూదిపని స్త్రీలదేననుకునేవారికి ఒక మాట: ఆయన తమ దుస్తులు తామే కుట్టుకునేవారనీ, చెప్పులు బాగుచేసుకునేవారనీ తెలిపినది కూడా హజ్రత్ ఆయిషా (రజి)యే.

ఆ శుక్రవారం అసర్ నమాజు తర్వాత ఇద్దరమూ కూర్చున్నాము. దూది తీసి ఎండలో ఆరబెట్టాము. గుడ్డను పలుచని సబ్బునీటిలో ఉతికి నీడన ఆరవేశాము. చిరుగు అంచున బట్ట నలిగిపోయి ఉంది. అటువంటి చోట కుట్టు నిలవదు. పెట్టెలో మిగిలిన ఆ చీర ముక్కనే లోపలివైపు అతుకు వేశాము. దూదిని చిటికెడు చిటికెడుగా కూరాము. దారం రెండు పేటలు చేసి, చిరుగుకు అరంగుళం ముందు నుంచే మొదలుపెట్టాము. అంచులు లోపలికి మడిచి, ఒక మడతలో ఒక కుట్టు, సరిగ్గా ఎదుటి మడతలో మరొక కుట్టు వేస్తూ పోయి, నాలుగైదు కుట్లకొకసారి దారం లాగితే కుట్టు మడతలో దాగిపోతుంది. ఊడిన గుండీ కన్ను స్థానంలో నల్లదారంతో కన్ను కుట్టాము. పసిబిడ్డలున్న ఇంట్లో గుండీ గొంతులో పడే ప్రమాదముంది.

అమ్మాయి బొమ్మను తిప్పి తిప్పి చూసింది. "దాదీమా కుట్లు ఏవి? మీవి ఏవి?" అని అడిగింది. వంకర పోయినవి మావని చూపించాము. నవ్వి, తలగడ కింద కాక తలగడ మీద పెట్టుకుంది.

పిల్లలకిచ్చిన మాటను నిలుపుకొనే తౌఫీఖును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.