క్రోమ్ తీసేశాక లింకులు తెరుచుకోవడం లేదా? వేలిముద్ర మిషన్ మొరాయిస్తోందా? ముందు ఇవి చూడండి

హజ్ దరఖాస్తు కావచ్చు, పిల్లల స్కాలర్‌షిప్ కావచ్చు, మస్జిద్ కమిటీ వారి వక్ఫ్ కాగితాలు కావచ్చు. గడువు రేపటితో అయిపోతుందనగా నెట్ సెంటర్ ముందు జనం. లోపల క్రోమ్ గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది, పేజీ రాదు. "ఇది ఇట్లా కాదు భాయ్, క్రోమ్ తీసేసి మళ్లీ కొత్తగా వేద్దాం" అంటాడు కంప్యూటర్ ముందున్న కుర్రాడు. తీసేయడం రెండు నిమిషాల పని. అసలు తంటా ఆ తర్వాతే మొదలవుతుంది. మెయిల్‌కు వచ్చిన లింక్ నొక్కితే తెరుచుకోదు. స్కాన్ చేసి పెట్టుకున్న పాస్‌పోర్ట్ పీడీఎఫ్ నొక్కితే "దీన్ని ఏ ప్రోగ్రామ్‌తో తెరవాలి?" అని ఎదురు ప్రశ్న. వేలిముద్ర మిషన్ పెట్టినా కనపడటం లేదంటుంది. సేవ్ చేసుకున్న పాస్‌వర్డులు మాయం.

కావలి నుంచి అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట మీదుగా ముత్తుకూరు దాకా నెల్లూరు తీరం వెంబడి చాలా ఇళ్లకు కంప్యూటర్ అంటే ఊళ్లో ఉన్న ఆ ఒక్క సెంటరే. అక్కడ ఒక బ్రౌజర్ పాడైతే పది కుటుంబాల పని ఆగుతుంది. ఆలస్యం ఎంత ఖరీదో మస్జిద్ కమిటీలకు బాగా తెలుసు. 2025 జూన్ 6న కేంద్రం ప్రారంభించిన ఉమీద్ పోర్టల్‌లో వక్ఫ్ ఆస్తుల వివరాలు ఎక్కించడానికి ఇచ్చింది ఆరు నెలలే. డిసెంబర్ మొదటి వారం వచ్చేసరికి ముతవల్లీలంతా ఒకేసారి స్కానర్ల చుట్టూ తిరిగారు. అలాంటి రోజున బ్రౌజర్ తీసేయడమంటే నడిసముద్రంలో ఇంజన్ విప్పుకోవడమే.

ఒక ప్రోగ్రామ్ తీసేస్తే మిగతావి ఎందుకు చెడతాయి?

బ్రౌజర్ ఒంటరిగా ఉండే ప్రోగ్రామ్ కాదు. కంప్యూటర్‌లో దిగిన రోజే అది విండోస్ దగ్గర తన పేరు రాయించుకుంటుంది. వెబ్ లింక్ ఏది వచ్చినా నాకు పంపు, పీడీఎఫ్ వచ్చినా నాకే పంపు అని. ఇల్లు ఖాళీ చేసి పోయిన మనిషి పోస్టాఫీసులో చెప్పకపోతే ఉత్తరాలు ఆ తాళం వేసిన ఇంటికే వచ్చి పడుతుంటాయి చూడండి, ఇదీ అంతే. క్రోమ్ వెళ్లిపోయినా విండోస్ పద్దులో దాని పేరు ఒక్కోసారి మిగిలిపోతుంది. లింక్ నొక్కినప్పుడు విండోస్ ఆ పేరును వెతుకుతుంది. మనిషి ఉండడు.

విండోస్ 7 రోజుల్లో ఇది ఎంతోమందిని ముప్పుతిప్పలు పెట్టింది. క్రోమ్ తీసేశాక ఔట్‌లుక్‌లో లింక్ నొక్కితే, ఈ కంప్యూటర్ మీద ఉన్న ఆంక్షల వల్ల ఈ పని రద్దయింది, మీ సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌ను సంప్రదించండి అనే అర్థంలో ఒక హెచ్చరిక వచ్చేది. చదివినవాళ్లు వైరస్ అనుకునేవారు, ఎవరో లాక్ చేశారనుకునేవారు, కొందరైతే విండోస్ మొత్తం ఫార్మాట్ కొట్టించేవారు. నిజానికి ఆంక్షా లేదు, వైరసూ లేదు. రిజిస్ట్రీ అనే విండోస్ పద్దులో వెబ్ పేజీ ఫైళ్ల ఎదురుగా ఉండాల్సిన మామూలు పేరు బదులు "క్రోమ్ హెచ్‌టీఎంఎల్" అనే పాత పేరు అలాగే ఉండిపోవడం, అంతే.

దీనికి రిజిస్ట్రీలో చేతులు పెట్టి దిద్దే మార్గం ఉంది. కానీ అక్కడ ఒక్క గీత తప్పినా కొత్త తలనొప్పి. దానికన్నా తేలికైన దారి, వినడానికి విడ్డూరంగా ఉన్నా, తీసేసిన క్రోమ్‌నే మళ్లీ వేయడం. వేసి, అది ఉండగానే ఎడ్జ్‌ను గానీ ఫైర్‌ఫాక్స్‌ను గానీ డిఫాల్ట్ బ్రౌజర్‌గా మార్చాలి. ఒక లింక్ నొక్కి కొత్తదాంట్లో తెరుచుకుంటోందని చూసుకున్నాక అప్పుడు క్రోమ్ తీసేయాలి.

విండోస్ 10, 11లలో ఈ గొడవ తక్కువ. బ్రౌజర్ పోతే సాధారణంగా ఎడ్జ్ ఆ బాధ్యత తీసుకుంటుంది. అప్పటికీ లింక్ తెరుచుకోకపోతే సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో డిఫాల్ట్ యాప్స్‌కు వెళ్లి ఇప్పుడున్న బ్రౌజర్‌ను ఎంచుకోవాలి. అక్కడే కిందికి వస్తే హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్, హెచ్‌టీఎంఎల్, పీడీఎఫ్ అని విడివిడిగా కనిపిస్తాయి. చాలామంది పీడీఎఫ్‌ను మర్చిపోతారు. రసీదు డౌన్‌లోడ్ అయినా తెరుచుకోవడం లేదంటే పది సార్లలో ఎక్కువ సార్లు కారణం అదే.

తీసి వేసినా క్రోమ్ మళ్లీ స్లోగానే ఉందేంది?

ఎందుకంటే చెడింది క్రోమ్ కాదు. మన బుక్‌మార్కులు, పాస్‌వర్డులు, ఎక్స్‌టెన్షన్లు అన్నీ "యూజర్ డేటా" అనే వేరే ఫోల్డర్‌లో ఉంటాయి. అన్‌ఇన్‌స్టాల్ చేసేటప్పుడు, బ్రౌజింగ్ డేటా కూడా తుడిచేయమంటారా అని ఒక చిన్న గడి కనిపిస్తుంది. దాన్ని టిక్ చేయకపోతే ఆ ఫోల్డర్ కదలదు. కొత్త క్రోమ్ వచ్చి అదే పాత సామాను ఎత్తుకుంటుంది. అంటే పాడైన ప్రొఫైల్, పనికిమాలిన ఎక్స్‌టెన్షన్ అన్నీ యథాతథం. గూగుల్ ఖాతాతో సింక్ ఆన్ చేసి ఉంటే, ఆ గడి టిక్ చేసినా ఎక్స్‌టెన్షన్లు ఇంటర్నెట్ నుంచి మళ్లీ దిగుతాయి.

ఇందులో ఒక మంచీ ఉంది. గడి టిక్ చేయకుండా తీసేసినవాళ్లు కంగారు పడక్కర్లేదు, మళ్లీ క్రోమ్ వేస్తే పాస్‌వర్డులు తిరిగొస్తాయి. టిక్ చేసి, సింక్ కూడా లేకపోతే మాత్రం పోయినట్టే. ప్రతి సైట్‌లో "ఫర్‌గాట్ పాస్‌వర్డ్" నొక్కుకోవాలి. ఓటీపీ వెళ్లే నంబర్ గల్ఫ్‌లో ఉన్న అబ్బాజాన్ దగ్గరో, అన్న దగ్గరో ఉంటే అక్కడ తెల్లారేదాకా ఆగాలి. ఆ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి వేరే కంప్యూటర్‌లో పెడితే పాస్‌వర్డులు వస్తాయనుకోవడం కూడా పొరపాటే. అవి ఆ కంప్యూటర్‌లోని ఆ యూజర్ ఖాతాకే తాళం వేసి ఉంటాయి.

కాబట్టి క్రోమ్ నెమ్మదించినప్పుడు తీసేయడం మొదటి పని కాదు. ముందు ఎక్స్‌టెన్షన్లన్నీ ఆపి చూడాలి. తర్వాత సెట్టింగ్స్‌లో రీసెట్ ఉంటుంది, అది పాస్‌వర్డుల జోలికి పోదు. అదీ కుదరకపోతే కొత్త ప్రొఫైల్ తెరిచి చూడాలి. అక్కడ బాగా పనిచేస్తే జబ్బు పాత ప్రొఫైల్‌దే. తీసేయక తప్పదంటే పాస్‌వర్డ్ మేనేజర్ నుంచి ముందుగా జాబితా ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి. ఆ ఫైల్‌లో పాస్‌వర్డులు ఏ దాపరికం లేకుండా ఉంటాయి, పని కాగానే తుడిచేయాలి. నెట్ సెంటర్ కంప్యూటర్‌లోనైతే కస్టమర్ల పాస్‌వర్డులు సేవ్ చేయడమే తప్పు, అది వేరే చర్చ.

వేలిముద్ర మిషన్ సంగతి

తీరం ఊళ్లలో ఆధార్ వేలిముద్రతో డబ్బు తీసుకునేవారు, కేవైసీ చేయించుకునేవారు చాలామంది. ఆ మిషన్‌కూ బ్రౌజర్‌కూ సంబంధం ఏమిటనిపిస్తుంది. మిషన్‌తో పాటు ఆర్‌డీ సర్వీస్ అనే చిన్న ప్రోగ్రామ్ కంప్యూటర్‌లో ఉంటుంది. యూఐడీఏఐ నిబంధన ప్రకారం అది అదే కంప్యూటర్ లోపల 11100 నుంచి 11120 దాకా ఉన్న పోర్టుల్లో ఏదో ఒకదాని మీద ఎదురుచూస్తుంటుంది. పోర్ట్ అంటే ఇక్కడ మన కృష్ణపట్నం కాదు, ప్రోగ్రామ్‌లు మాట్లాడుకునే కిటికీ లాంటిది. వెబ్‌సైట్ బ్రౌజర్ ద్వారా ఆ కిటికీ తట్టి వేలిముద్ర అడుగుతుంది.

క్రోమ్ తీసేస్తే ఆర్‌డీ సర్వీస్ పోదు. పోయేది ఇదివరకు ఇచ్చిన అనుమతులు. కొత్తగా వేసిన బ్రౌజర్‌కు ఆ సైట్ ఎవరో, మిషన్ ఏమిటో తెలియదు. ఈ మధ్య వచ్చిన క్రోమ్, సైట్ మీ లోకల్ నెట్‌వర్క్‌లోని పరికరాలతో మాట్లాడాలనుకుంటోంది అని ఒక ప్రశ్న కూడా అడుగుతోంది. హడావుడిలో ఎవరో "బ్లాక్" నొక్కేస్తారు. ఇక మిషన్ కనపడదు. అడ్రస్ పక్కనున్న గుర్తు నొక్కి, సైట్ సెట్టింగ్స్‌లో అనుమతి ఇస్తే సరిపోతుంది. పాపప్‌లూ అక్కడే. దానికీ లొంగకపోతే మిషన్ తీసి మళ్లీ గుచ్చి, విండోస్ సర్వీసెస్ జాబితాలో ఆ ఆర్‌డీ సర్వీస్‌ను రీస్టార్ట్ చేయాలి. డ్రైవర్ మళ్లీ వేయడం ఆఖరి మాట.

ఆడిటర్ల డిజిటల్ సంతకం టోకెన్‌దీ దాదాపు ఇదే కథ. ఒక తేడా ఉంది. క్రోమ్, ఎడ్జ్ విండోస్‌లో ఉన్న సర్టిఫికెట్లనే చూస్తాయి, ఫైర్‌ఫాక్స్‌కు తన సొంత పెట్టె ఉంటుంది. క్రోమ్ తీసేసి ఫైర్‌ఫాక్స్‌కు మారిన రోజే సంతకం కనపడలేదంటే టోకెన్ చెడిపోయిందనుకోవద్దు. ఎడ్జ్‌లో ఒకసారి ప్రయత్నించి చూడండి.

పాత కంప్యూటర్లకు ఒక గట్టి హెచ్చరిక

విండోస్ 7 ఇంకా నడుస్తున్న సెంటర్లు క్రోమ్‌ను అసలు ముట్టుకోకూడదు. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110 నుంచి క్రోమ్ విండోస్ 7, 8.1లలో పనిచేయదు. 109తోనే ఆఖరు. ఉన్నదాన్ని తీసేస్తే కొత్తది దిగదు, పాతది గూగుల్ ఇవ్వదు. అలాంటి కంప్యూటర్‌కు ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్ఆర్ ఒక దారి. అది మొజిల్లా సొంత సైట్ నుంచే తీసుకోవాలి, బ్యాంకు పనులకు మాత్రం వేరే కంప్యూటర్ చూసుకోవాలి.

ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌తోనే తెరుచుకునే పాత ఆఫీసు పేజీలు కొన్ని ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న దానికి సెలవు చెప్పి, 2023 ఫిబ్రవరి 14న ఎడ్జ్ అప్‌డేట్ ద్వారా చాలా కంప్యూటర్లలో పూర్తిగా ఆపేసింది. దక్షిణ కొరియాలో బ్యాంకులు, ప్రభుత్వ సైట్లు ఏళ్ల తరబడి దాన్నే నమ్ముకుని ఉండేవి. అది పోయినప్పుడు అక్కడొకాయన దానికి ఏకంగా సమాధి రాయి చెక్కించాడు! మనకు రాయి అక్కర్లేదు, ఎడ్జ్ సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ బ్రౌజర్ కింద ఐఈ మోడ్‌ను అనుమతిస్తే చాలు. అందులో చేర్చిన పేజీ గడువు 30 రోజులు, తర్వాత మళ్లీ చేర్చాలి. కనీసం 2029 వరకు ఈ సౌకర్యం ఉంటుందని కంపెనీ చెప్పింది.

ఫోన్‌లో

ఫోన్‌లో క్రోమ్‌ను డిజేబుల్ చేసేవాళ్లూ ఉన్నారు. వేరే బ్రౌజర్ లేకపోతే కొన్ని యాప్‌ల లాగిన్ పేజీలు తెరుచుకోవు. చాలా యాప్‌లు లోపల చూపించే వెబ్ పేజీలన్నీ ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ అనే భాగం మీద ఆధారపడతాయి. 2021 మార్చిలో దానికి వచ్చిన ఒక తప్పుడు అప్‌డేట్‌తో జీమెయిల్‌తో సహా ఎన్నో యాప్‌లు తెరవగానే మూసుకుపోయాయి, మన దేశంలోనూ జనం ఫోన్లు చెడిపోయాయనుకున్నారు. గూగుల్ సరిచేసిన అప్‌డేట్ ఇచ్చాక సర్దుకుంది. యాప్‌లు వరసగా మూసుకుపోతుంటే ప్లే స్టోర్‌లో క్రోమ్, వెబ్‌వ్యూ రెండింటినీ అప్‌డేట్ చేయడం మొదట చేయాల్సిన పని.

విండోస్‌లోనూ వెబ్‌వ్యూ2 అని ఒకటి ఉంటుంది. జాగా కలిసొస్తుందని దాన్ని ఎడ్జ్‌తో పాటు బలవంతంగా పీకేస్తే కొత్త ఔట్‌లుక్, టీమ్స్ లాంటివి నిలబడవు.

కస్టమర్ కేర్ నంబర్ వెతకొద్దు

బ్రౌజర్ పోయిన కంగారులో ఫోన్‌లో "క్రోమ్ కస్టమర్ కేర్" అని వెతికేవాళ్లు మోసగాళ్లకు సులువుగా దొరుకుతారు. బాగు చేస్తామని ఎనీడెస్క్ లాంటి యాప్ వేయించి, తెర మొత్తం చూస్తూ ఓటీపీ చదివేస్తారు. క్రోమ్ ఉచితం, బాగు చేస్తామని ఫోన్‌లో డబ్బు అడిగేవాళ్లు గూగుల్ మనుషులు కాదు. కొత్తగా దించుకునేటప్పుడు కూడా వెతుకులాటలో పైన కనిపించే ప్రకటన నొక్కకుండా, గూగుల్ డాట్ కామ్ స్లాష్ క్రోమ్ అని అడ్రస్ సొంతంగా టైప్ చేయాలి. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే 1930కి ఫోన్ చేయాలి, జుమా తర్వాత చూద్దాం అనుకోకూడదు. ఫిర్యాదు ఎంత త్వరగా అందితే, ఆ డబ్బు అవతలి ఖాతాలో ఉండగానే ఆపించే అవకాశం అంత ఎక్కువ.