భిలాయ్ నుంచి వెళ్ళిన విద్యార్థులు

విదేశాలకు వెళ్తున్న మన విద్యార్థులు ఎందరని పార్లమెంటులో తరచు ప్రశ్న వస్తుంది. మంత్రిగారు పట్టిక జతపరుస్తారు. తిరిగివచ్చే వారికోసం ఇక్కడ ఏమి సిద్ధంగా ఉన్నదనే అనుబంధ ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది. ఆ ప్రశ్నకు ఒకప్పుడు ప్రభుత్వం వద్ద సమాధానం ఉండేది. ఆ సమాధానం పేరు భిలాయ్.

1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాలు చేసుకున్న ఒప్పందం సాలీనా పది లక్షల టన్నుల ఉక్కు కర్మాగారంతో ఆగలేదు. దానిని నడపవలసిన భారతీయులకు సోవియట్ దేశంలో శిక్షణ ఇవ్వడం కూడా అందులో భాగమే. నాటి మధ్యప్రదేశ్‌లో, దుర్గ్ సమీపాన కర్మాగారం లేస్తుండగానే మన యువ ఇంజనీర్లు ఉరల్ పర్వతాల దాపున ఉన్న మాగ్నితోగోర్స్క్ వంటి చోట్లకు బయలుదేరారు.

వీరు ఇంగ్లీషులో ఇంజనీరింగు చదివినవారు. అక్కడ ఆ ఇంగ్లీషు అక్కరకు రాకపోవడమే కాదు, అడ్డం కూడా వచ్చింది. రష్యన్ లిపిలో ఇంగ్లీషు 'పి' లా కనిపించే అక్షరం 'ర' అవుతుంది. 'హెచ్' లా కనిపించేది 'న', 'సి' లా కనిపించేది 'స'. నాబోటి ఇంగ్లీషు పట్టభద్రుడికి ఇంతకంటె అవమానం మరొకటి ఉండదు! చేతిలో పట్టా, ఒంటిమీద అరువు తెచ్చుకున్నట్టుండే బరువైన కోటు, బయట గడ్డకట్టిన ఉరల్ శీతకాలం, ఎదుట మళ్ళీ ఓనమాలు. నేర్చుకోవలసిన పాఠం కూడా పుస్తకంలో లేదు. ఒకసారి రాజేసిన బ్లాస్ట్ ఫర్నేస్ ఏళ్ళ తరబడి ఆరదు; పగలూ రాత్రీ షిఫ్టులలో దాని పోకడ కనిపెట్టి ఉండవలసిందే.

అయినా ఆ విద్యార్థికి ఒక నిశ్చింత ఉండేది. తాను నేర్చుకుంటున్నది ఏ కొలిమి కోసమో అతనికి తెలుసు. భిలాయ్‌లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. సోవియట్ రుణంపై వడ్డీ రెండున్నర శాతం. పన్నెండు వార్షిక వాయిదాలలో తీర్చాలి. ఆ అప్పు దేశం చేసింది, విద్యార్థి తండ్రి కాదు.

అంతమాత్రాన ఆ రోజులను సత్యయుగంగా వర్ణించనక్కరలేదు. కొలిమిని నడపడం నేర్చుకున్నాము. దానిని రూపొందించే బల్ల దగ్గర మనవారికి పీట దక్కడం ఆలస్యమైంది. బొకారో విషయంలో 1965 నాటి ఒప్పందం తరువాత మన దస్తూర్ సంస్థ తయారుచేసిన నివేదిక పక్కకు పోయింది, సోవియట్ నివేదికే ముందుకు వచ్చింది. ఖర్చు తగ్గించడానికి దస్తూర్ చేసిన సూచనలలో చాలావాటికి మన్నన దక్కలేదు. శిష్యుడు ఎదిగినా గురువు పీఠం ఖాళీ చేయడన్నమాట. మన పాలకులు కూడా ఆయనను లేవమని అడగలేదు.

భిలాయ్ కథలో తెలుగువారి పాలు చిన్నది కాదు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాలనుంచి పని వెతుక్కుంటూ వెళ్ళినవారు అక్కడే స్థిరపడ్డారు. విదేశీ శిక్షణ ఇంజనీర్లకు. వీరికి మాత్రం కొలిమి దగ్గరే బడి. నేడు అదే ఊరు ఐఐటీ ప్రవేశపరీక్షల కోచింగు కేంద్రాలకు పేరుపొందింది. 2016లో ఆ ఊరి పేరిట ఒక ఐఐటీ కూడా వచ్చింది.

ఇప్పుడు విదేశం వెళ్ళే మన పిల్లవాడికి లిపి బెడద లేదు, ఫోనులో అనువాదం ఉంది. అతని తొలి రోజుల బెంగ వేరు: ఇంటి కాగితాలు బ్యాంకులో ఉన్నాయి, వడ్డీ పది శాతం చుట్టూ తిరుగుతోంది, తిరిగివస్తే ఎవరు రమ్మంటారో తెలియదు. 2022లో యుద్ధం వచ్చినప్పుడు ఉక్రెయిన్‌లో చదువుతున్న వేలాది భారతీయ వైద్యవిద్యార్థులను 'ఆపరేషన్ గంగ' పేరిట ప్రభుత్వం విమానాలలో తీసుకువచ్చింది. అది మెచ్చదగిన పనే. వారిలో తెలుగు పిల్లలు కూడా ఉన్నారు. అదే సంవత్సరం సెప్టెంబరులో, వారిని మన వైద్య కళాశాలల్లో చేర్చుకోవడానికి చట్టం అంగీకరించదని సుప్రీంకోర్టుకు ప్రభుత్వమే విన్నవించింది.