చుక్కల లెక్క, చదువరి లెక్క: అపోహలు – వాస్తవాలు

ఒక పుస్తకాన్ని జనం ఎలా చదివారో తెలుసుకోవడం సాహిత్య చరిత్రకారులకు ఎప్పుడూ కష్టమైన పనే. రచయిత రాతప్రతి దొరుకుతుంది, విమర్శకుడి వ్యాసం దొరుకుతుంది, అచ్చు వేసిన ప్రతుల లెక్కా దొరకవచ్చు. మామూలు పాఠకులు మాత్రం చదివి, పుస్తకం మూసి, ఏ జాడా వదలకుండా వెళ్ళిపోతారు. బ్రిటన్‌లోని ఓపెన్ యూనివర్సిటీ 1996లో ‘రీడింగ్ ఎక్స్‌పీరియన్స్ డేటాబేస్’ మొదలుపెట్టింది. 1450 నుంచి 1945 దాకా రాసిన డైరీలు, ఉత్తరాలు, పుస్తకాల అంచుల్లో గీసిన గీతలు గాలించి ముప్పై వేలకు పైగా దాఖలాలు పోగుచేసింది. ఐదు శతాబ్దాల చదువుకు పోగైనవి అంతే. 2017 చివర్లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు పాఠకులు పుస్తకాలకు రేటింగులిచ్చే సైటు గుడ్‌రీడ్స్ నుంచి సేకరించిన ఒక్క డేటాసెట్‌లో 8 లక్షల 76 వేల మంది సభ్యులు, 23 లక్షలకు పైగా పుస్తకాలు, ఎవరు ఏ పుస్తకాన్ని తమ అరలో పెట్టుకున్నారన్న నమోదులు 22 కోట్లకు పైగా ఉన్నాయి.

ఇంత సామగ్రి చేతికొస్తే ఉత్సాహం రావడం సహజం. నాకూ ఉంది. అందుకే దీని గురించి చలామణీలో ఉన్న తప్పుడు నమ్మకాలను సరిచేయాలనిపిస్తోంది. వాటిలో కొన్ని ఈ అంకెలను నెత్తిన పెట్టుకునేవాళ్ళవి, కొన్ని వాటిని చెత్తబుట్టలో వేసేవాళ్ళవి.

అపోహ: సగటు రేటింగే పుస్తకం విలువ

అన్ని చోట్లా రేటింగు చుక్కలకు ఒకే అర్థం లేదు. గుడ్‌రీడ్స్‌లో రెండు చుక్కలంటే ‘ఫరవాలేదు’, మూడంటే ‘నచ్చింది’ అని ఆ సైటే సభ్యులకు చెబుతుంది. సరుకులు అమ్మే సైటులో రెండు చుక్కలిస్తే అది ఫిర్యాదు. ఈ రెండు సగటులనూ పక్కపక్కన పెట్టి పోల్చడం మొదటి తప్పు.

అసలు రేటింగు ఇచ్చేదెవరు? అమెజాన్ రేటింగుల మీద నాన్ హూ బృందం 2009లో ప్రచురించిన పరిశీలన ఈ విషయంలో చాలా ముఖ్యమైనది. రేటింగులను గ్రాఫు గీస్తే అడుగున ఒక చిన్న గుట్ట, మధ్యలో పల్లం, ఐదు చుక్కల దగ్గర పెద్ద శిఖరం కనిపించాయి. కారణాలు రెండు. నచ్చుతుందనుకున్నవాళ్ళే కొంటారు, కాబట్టి మెచ్చుకునేవాళ్ళు ముందే ఎక్కువ. కొన్నవాళ్ళలోనూ బాగా నచ్చినవాళ్ళు, బాగా మండినవాళ్ళు మాత్రమే శ్రమపడి రాస్తారు. ‘బాగానే ఉంది’ అనుకున్నవాళ్ళు ఊరుకుంటారు. ఒక వస్తువు గురించి వాడినవాళ్ళందరినీ అడిగి చూసినప్పుడు మాత్రం ఎక్కువమంది మధ్యలోనే నిలబడ్డారు. సగటు అంకెలో లోపించేది ఆ మౌనంగా ఉన్న మధ్యస్థులే.

అవార్డుల సంగతి ఇంకా ఆసక్తికరం. బలాజ్ కొవాచ్, అమాండా షార్కీ 2014లో ప్రచురించిన అధ్యయనంలో 64 ఇంగ్లిష్ పుస్తకాల మీద పాఠకులు రాసిన 38,817 సమీక్షలు చూశారు. బహుమతి గెలిచిన పుస్తకాన్నీ, తుది జాబితా దాకా వచ్చి ఆగిపోయిన పుస్తకాన్నీ జతగా పెట్టి పోల్చారు. బహుమతి ప్రకటించాక గెలిచిన పుస్తకం రేటింగు పడిపోయింది. పుస్తకం మారలేదు, చదివేవాళ్ళు మారారు. బహుమతి వార్త విని, తమ అభిరుచికి సరిపడకపోయినా తెచ్చుకున్నవాళ్ళు పెరిగారు. పేరు మోగినదాన్ని చూస్తే ఎదురుతిరిగే మనస్తత్వమూ కొంత పనిచేసింది. ఈ అధ్యయనం నాకు ఇష్టం. చుక్క పుస్తకం కొలత కాదు, ఒక పుస్తకమూ ఒక పాఠకుడూ కలుసుకున్న సందర్భం కొలత అని అది సాక్ష్యంతో చూపించింది.

అపోహ: ఎవరు ఏ పేజీలో పుస్తకం వదిలేశారో కిండిల్ అండర్‌లైన్లు చెప్పేస్తాయి

దీని పుట్టుక తెలిసినదే. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో గణితాచార్యుడు జోర్డాన్ ఎలెన్‌బర్గ్ 2014 వేసవిలో వాల్‌స్ట్రీట్ జర్నల్‌లో ‘హాకింగ్ ఇండెక్స్’ అని ఒక లెక్క ప్రతిపాదించాడు. అమెజాన్ ఈ-పుస్తక పరికరమైన కిండిల్‌లో ఒక పుస్తకంలో ఎక్కువమంది గీత గీసిన ఐదు వాక్యాలు తీసుకోవాలి. వాటి పేజీ సంఖ్యల సగటును మొత్తం పేజీలతో భాగించాలి. గీతలన్నీ మొదట్లోనే ఉంటే జనం మొదట్లోనే ఆపేశారని ఊహ. ఆ లెక్కన థామస్ పికెటీ ‘క్యాపిటల్’కు 2.4 శాతం, స్టీఫెన్ హాకింగ్ రాసిన ‘ఎ బ్రీఫ్ హిస్టరీ ఆఫ్ టైమ్’కు 6.6 శాతం, డోనా టార్ట్ నవల ‘ది గోల్డ్‌ఫించ్’కు 98.5 శాతం వచ్చాయి. పికెటీ పుస్తకాన్ని ఎవరూ చదవలేదన్న మాట ప్రపంచమంతా పాకింది.

ఇది సరదా కోసమనీ శాస్త్రం కాదనీ ఎలెన్‌బర్గే అదే వ్యాసంలో చెప్పాడు. ఆ మాట ఎక్కడికీ పాకలేదు.

ఈ లెక్క ఎందుకు నిలవదో చూద్దాం. ఆర్థికశాస్త్ర గ్రంథంలో ప్రధాన వాదం ఉపోద్ఘాతంలోనే సూటిగా ఉంటుంది. చివరి పేజీ దాకా చదివిన విద్యార్థి కూడా గీత గీసేది అక్కడే. నవలలో కథ నడిచే చోట ఎవరూ గీతలు గీయరు, చివర్లో పాత్ర జీవితం గురించి ఆలోచిస్తూ అనే మాటల కింద గీస్తారు. అంటే ఈ ఇండెక్స్ కొలిచింది ఉల్లేఖించదగ్గ వాక్యాలు పుస్తకంలో ఎక్కడున్నాయన్నది. ఇంకో చిక్కుంది. ఈ వాక్యాన్ని ఇంతమంది గుర్తుపెట్టుకున్నారని కిండిల్ తెర మీదే చూపిస్తుంది. అది చూసి తర్వాతివాళ్ళూ అక్కడే గీస్తారు. గీత గీతను పుట్టిస్తుంది.

ఎవరు ఎన్ని పేజీలు తిప్పారో అమెజాన్‌కు నిజంగా తెలుసు. కిండిల్ అన్‌లిమిటెడ్ అనే చందా పథకంలో ఉన్న పుస్తకాలకు 2015 జులై నుంచి రచయితలకు చదివిన పేజీల లెక్కనే డబ్బు చెల్లిస్తోంది. అయితే ఆ వివరం పరిశోధకుల చేతికి రాదు. పైగా కొలతకు డబ్బు ముడిపడగానే కొలత వంగిపోయింది. పాఠకులను ఒక్క నొక్కుతో పుస్తకం చివరికి దూకించే లంకెలు పెట్టి, మధ్య పేజీలన్నీ చదివినట్టు లెక్కలోకి వచ్చేలా కొందరు చేశారు. 2016లో అమెజాన్ ఒక పాఠకుడు ఒక పుస్తకంలో చదివిన పేజీల్లో 3,000 వరకే లెక్కిస్తామని పరిమితి పెట్టింది.

పాఠకుల అనుమతితో నిజాయితీగా చేసిన ప్రయత్నమూ ఉంది. లండన్‌కు చెందిన జెల్లీబుక్స్ పుస్తకాన్ని ముందుగా ఉచితంగా ఇచ్చి, బదులుగా చదివిన తీరు నమోదు చేసుకునే పద్ధతి తెచ్చింది. పరీక్షించిన పుస్తకాల్లో సగానికన్నా తక్కువ వాటినే ఎక్కువమంది పాఠకులు చివరిదాకా చదివారు. వదిలేసినవాళ్ళలో చాలామంది తొలి అధ్యాయాల్లోనే వదిలేశారు. పుస్తకాన్ని మధ్యలో ఆపడం పాఠకుడి లోపం కాదు, చదువులో అదీ ఒక మామూలు భాగమేనని దీన్నిబట్టి నేను అర్థం చేసుకున్నాను.

అపోహ: నెట్‌లో ఉన్నదంతా ఎవరైనా తీసుకుని పరిశోధించుకోవచ్చు

కనిపించేది వేరు, అందేది వేరు. 2007లో మొదలైన గుడ్‌రీడ్స్‌ను అమెజాన్ 2013లో కొనేసింది. సభ్యుల సమాచారాన్ని బయటి ప్రోగ్రాములు చదువుకునే సౌకర్యానికి కొత్త అనుమతులివ్వడం 2020 డిసెంబరులో ఆపేశారు. మెలనీ వాల్ష్, మరియా ఆంటోనియాక్ తమ పరిశోధనలో ఇంకో సంగతి బయటపెట్టారు. ఒక పుస్తకానికి లక్షల సమీక్షలున్నా, ఏ వరుసలో చూసినా సైటు మొదటి 300 మాత్రమే చూపించేది. ఆ వరుసను నిర్ణయించే సూత్రం కంపెనీ రహస్యం. సమీక్షలు రాసింది పాఠకులే, వాటిలో ఏవి మన కంట పడాలో తేల్చేది దుకాణం. అంత పెద్ద ప్రజల మాట ఒక వ్యాపారసంస్థ గోదాములో ఉండిపోవడం నాకు బాధగా ఉంటుంది.

అపోహ: పేర్లు తీసేస్తే పాఠకుల గుట్టు భద్రం

నెట్‌ఫ్లిక్స్ 2006లో పోటీ పెట్టి, పేర్లు తీసేసి దాదాపు 4 లక్షల 80 వేల మంది సినిమా రేటింగులు విడుదల చేసింది. అర్వింద్ నారాయణన్, విటాలీ ష్మాటికోవ్ వాటిని పరీక్షించారు. ఒక మనిషి ఇచ్చిన ఎనిమిది రేటింగులు, వాటి తేదీలు రెండు వారాల తేడాతో తెలిస్తే చాలు, అందులో రెండు తప్పయినా సరే, 99 శాతం మందిని గుర్తుపట్టవచ్చని తేల్చారు. నెట్‌ఫ్లిక్స్ పెట్టాలనుకున్న రెండో పోటీని 2010లో రద్దు చేశారు. పుస్తకాల జాబితా సినిమాల జాబితాకన్నా లోతైనది. జబ్బు, విడాకులు, మతం, రాజకీయం, లైంగికత, ఇంట్లో ఎవరికీ చెప్పనివన్నీ అందులో ఉంటాయి. సమీక్షను అందరూ చూసేలా పెట్టినా, దాన్ని రాసింది పరిశోధనకు సమ్మతిస్తూ కాదు. అందుకే జాగ్రత్త ఉన్న పరిశోధకులు ఒక పాఠకుడి వాక్యాన్ని యథాతథంగా ఉటంకించేముందు ఆ మనిషిని అడుగుతారు.

అపోహ: అంతా నకిలీ ఖాతాల గోల, పరిశోధనకు పనికిరాదు

గోల ఉన్నమాట నిజం. 2023 జూన్‌లో ఎలిజబెత్ గిల్బర్ట్ నవల ‘ది స్నో ఫారెస్ట్’ ఇంకా అచ్చుకాకముందే, యుక్రెయిన్ యుద్ధ సమయంలో కథ రష్యాలో జరుగుతుందన్న కోపంతో గుడ్‌రీడ్స్‌లో వందల కొద్దీ ఒక్క చుక్క రేటింగులు పడ్డాయి. రచయిత్రి ప్రచురణను ఆపుకుంది. పుస్తకం చదవనివాళ్ళ రేటింగుతో పుస్తకాన్ని తూచలేం.

అయినా చుక్కలు పక్కనపెట్టి మాటలు చదివితే చిత్రం మారుతుంది. వాల్ష్, ఆంటోనియాక్ 2021లో ప్రచురించిన అధ్యయనంలో క్లాసిక్స్ మీద గుడ్‌రీడ్స్ సభ్యులు రాసిన లక్షా ఇరవై వేలకు పైగా సమీక్షలను కంప్యూటరుతోనూ కళ్ళతోనూ చదివారు. అందులో పాఠకులు పదేపదే బడి గురించి మాట్లాడుతున్నారు. తరగతిలో బలవంతంగా చదివిన పుస్తకాన్ని పెద్దయ్యాక మళ్ళీ తెరిచామని, సినిమా చూసి వచ్చామని చెబుతున్నారు. ఏ పుస్తకం క్లాసిక్‌గా నిలుస్తుందన్నదాంట్లో విమర్శకుడితో పాటు బడి, సినిమా, అమ్మేవాడు కూడా ఉన్నారని లక్ష గొంతులు కలిసి చెప్పడం ఇంతకుముందు సాధ్యపడలేదు.

అపోహ: అంకెల్లో తెలుగు కనబడదు కాబట్టి తెలుగువాళ్ళు చదవరు

నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇదే. 2011 జనగణన ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు 8 కోట్లకు పైనే. అంతర్జాతీయ సైట్లలో తెలుగు పుస్తకాల దగ్గర రేటింగులు పదులూ వందలూ దాటడం అరుదు. ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి పెదవి విరవడం తేలిక.

మొదట, పుస్తకమే ఆ లెక్కలో సరిగా నమోదు కాదు. మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిస్టర్ పార్వతీశం’ పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో రాయడానికి ఎన్ని పద్ధతులున్నాయో చూడండి. ఒకరు రాసింది ఇంకొకరు వెతికితే దొరకదు. దొరకనప్పుడు కొత్తగా మరో ఎంట్రీ చేరుస్తారు. పాఠకులు ముక్కలుముక్కలుగా విడిపోతారు. ఈ ముక్కలను కలిపేది ఐఎస్‌బీఎన్ సంఖ్య. మన దేశంలో దాన్ని కేంద్ర ప్రభుత్వ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. అయినా సొంత ఖర్చుతో అచ్చువేసుకునే కవులు, చిన్న ప్రచురణకర్తలు చాలామంది దాని జోలికి పోరు.

ఇక మన చదువు నడిచిన దారి వేరు. డెబ్భైలు, ఎనభైలలో యద్దనపూడి, యండమూరి నవలలు వీధి చివర అద్దె పుస్తకాల షాపుల్లో చేతులు మారాయి, వారపత్రికల్లో సీరియల్‌గా ఇంటిల్లిపాదీ చదివారు. ఒక ప్రతికి ఎంతమంది పాఠకులో ఎవరూ రాసిపెట్టలేదు. ఇప్పుడు వాట్సాప్‌లో పీడీఎఫ్‌లు తిరుగుతున్నాయి. అదీ ఏ లెక్కలోకీ రాదు. ప్రతిలిపి అనే ఆన్‌లైన్ వేదికలో సీరియళ్ళు చదివే మహిళలు ప్రతి భాగం కిందా వ్యాఖ్యలు రాస్తున్నారు. ఆ వ్యాఖ్యలను తెలుగు శాఖల్లో పరిశోధనాంశంగా తీసుకోవడానికి ఇది తగిన సమయమని నా అభిప్రాయం. అక్కడి ‘రీడ్స్’ సంఖ్యను మాత్రం పాఠకుల సంఖ్య అనుకోకూడదు. ఒకే మనిషి నలభై భాగాల సీరియల్ చదివితే ఆ నలభై భాగాల్లోనూ ఆమె ఉంటుంది.

ఆన్‌లైన్ లేని కాలానికి కూడా దారి ఉంది. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని మన్సీ పట్టణ గ్రంథాలయంలో 1891 నుంచి 1902 దాకా ఎవరు ఏ పుస్తకం ఇంటికి తీసుకెళ్ళారో రాసిన పాత రిజిస్టర్లు బయటపడ్డాయి. బాల్ స్టేట్ విశ్వవిద్యాలయం వాటిని డేటాబేస్‌గా మార్చి, జనగణన పత్రాలతో కలిపింది. ఏ పనివాడి కూతురు ఏ నవల తీసుకెళ్ళిందో ఈనాడు ఎవరైనా నెట్‌లో వెతికి చూడవచ్చు. మనకు రాజమండ్రిలో 1898 నాటి గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదులో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం ఉన్నాయి. గ్రంథాలయోద్యమం ఊరూరా నాటిన చిన్న లైబ్రరీలు ఇంకెన్నో. అలాంటి చోట్ల పాత ఇష్యూ రిజిస్టర్లు చెదల పాలు కాకుండా ఎక్కడ మిగిలి ఉన్నా, తూకానికి వేసేముందు స్కాన్ చేయించాలి. ఆ పనికి ఒక మనిషి, ఒక ఫోను కెమెరా, లైబ్రేరియన్ అనుమతి సరిపోతాయి.