గంట ఆగాక చెవి పెట్టు

“సౌండ్ బాత్ అంట తాతయ్యా. చాపల మీద వెల్లకిలా పడుకోబెట్టి కంచు గిన్నెలు మోగిస్తారు. దానికి టికెట్టు కూడానూ. నిజంగా మేలు చేస్తుందా?” అని హైదరాబాదు నుంచి సెలవులకు వచ్చిన మా మనవరాలు అడిగింది. ముందు పొన్నూరు భావనారాయణస్వామి గుడికెళ్ళి గంట కొట్టిరా తల్లీ, తర్వాత మాట్లాడుకుందాం అన్నాను.

కొట్టగానే వచ్చే ‘ఠంగు’మనే మోత కాదు, దాని వెనకాల సాగే నాదం వినాలి. పెరుగుతూ తగ్గుతూ ‘ఉం... ఉం...’ అని ఊగుతుంటుంది. పోతపోసిన గంట అన్ని వైపులా ఒకే మందంలో ఉండదు, వెంట్రుకవాసి తేడా వస్తుంది. అందుకని ఇంచుమించు ఒకటేననిపించే రెండు శ్రుతులు ఒకేసారి పలుకుతాయి. అవి కలిసొచ్చినప్పుడు మోత హెచ్చుతుంది, ఎదురుపడితే తగ్గుతుంది. వీటినే విస్పందనాలంటారు. టికెట్టు పెట్టిన గిన్నెల్లో ఊగేదీ ఇదే.

మరి మనసు కుదుటపడటం మాటేమిటి? 2017లో అచ్చయిన ఓ అమెరికా అధ్యయనంలో 62 మందికి ఈ గిన్నెలు వినిపించారు. ఆందోళన, అలసట తగ్గాయన్నారు. బానే ఉంది గానీ, ఊరికే పడుకున్నవాళ్ళతో పోల్చి చూడలేదు. మిరపచేలో కలుపు తీసొచ్చి వేపచెట్టు కింద నడుం వాల్చినా హాయిగానే ఉంటుందిగా!

నాకు గట్టిగా తోచే ఆధారం ఊపిరిది. 2001లో ఇటలీ వైద్యుడు లుసియానో బెర్నార్డి, 23 మంది చేత క్రైస్తవుల జపమాల ప్రార్థన, బౌద్ధుల ‘ఓం మణి పద్మే’ మంత్రం చదివించాడు. రెండిట్లోనూ ఊపిరి నిమిషానికి ఆరుసార్ల దగ్గరికి దిగింది. రక్తపోటును సర్దే నరాల ఏర్పాటు చురుకైంది. ఏ మతమైతేనేం, గుట్టంతా ఊపిరి వదిలే నిడివిలో ఉంది. 2006లో ఆయనే రకరకాల సంగీతం వినిపిస్తూ, మధ్యలో రెండు నిమిషాలు ఆపేశాడు. పాట సాగినప్పటికన్నా ఆ నిశ్శబ్దంలోనే గుండె, ఊపిరి ఎక్కువ నెమ్మదించాయి!

ఆసుపత్రుల్లోనూ సంగీతానికి చోటుంది. 2015లో లాన్సెట్ పత్రికలో అచ్చయిన ఓ సమీక్ష 73 ప్రయోగాలను కలిపి చూసింది. ఆపరేషన్‌కు ముందూ వెనకా పాటలు విన్నవాళ్ళకు నొప్పి, కంగారు తగ్గాయి, నొప్పి మాత్రల వాడకమూ తగ్గింది. అలాగని ఫలానా హెర్ట్జ్ వింటే షుగరు పోతుందనే ఫోను వీడియోలు నమ్మి మాత్రలు మానేవు సుమా.

మా కాలంలో పొద్దున్నే విజయవాడ రేడియోలో భక్తిరంజని వచ్చేది. బాలమురళి గొంతుతో పాటు వంటింట్లో మీ నాయనమ్మ కూడా పాడేది. వినడం కన్నా పాడటమే మేలంటాను. చరణం అయ్యేదాకా ఊపిరి పట్టి వదలక తప్పదు కదా. శ్రుతి తప్పినా పర్లేదు. ఎటొచ్చీ భజన దగ్గర హారన్ మైకు కింద మాత్రం కూర్చోకు. 85 డెసిబెళ్ళు దాటిన మోత గంటల తరబడి వింటే లోపలి చెవిలో రోమకణాలు చచ్చిపోతాయి. అవి మళ్ళీ మొలవవు.