మీకు తెలుసా? ఓ తూటా నుంచి పుట్టిన నవల

2009 జనవరి 1 తెల్లవారుజామున కాలిఫోర్నియాలోని ఓక్‌లాండ్‌లో, రైల్వే ప్లాట్‌ఫామ్ మీద పోలీసు కాల్పులకు ఆస్కార్ గ్రాంట్ బలయ్యాడు. అతనికి 22 ఏళ్లు, నల్లజాతి యువకుడు. అప్పట్లో మిసిసిపీలో కాలేజీ విద్యార్థినిగా ఉన్న ఏంజీ థామస్ ఆ కోపాన్నీ బాధనూ ఒక చిన్నకథలో పెట్టింది. అదే పెరిగి 2017లో ‘ద హేట్ యు గివ్’ నవలగా వచ్చింది.

నవలలో పదహారేళ్ల స్టార్ కళ్లెదుటే ఆమె చిన్ననాటి స్నేహితుడు ఖలీల్‌ను పోలీసు కాల్చేస్తాడు. కారులోని హెయిర్ బ్రష్ ఆ పోలీసుకు తుపాకీలా కనిపించిందట! పోలీసు ఆపితే చేతులు కనబడేలా ఉంచాలని, చటుక్కున కదలకూడదని స్టార్‌కు పన్నెండేళ్లకే ఇంట్లో నేర్పారు. అంతకన్నా కలచివేసేది ఆమె బడి జీవితం. తెల్లపిల్లలే ఎక్కువగా ఉన్న ప్రైవేటు స్కూల్లో ఆమె తన పేట యాసను నోట రానివ్వదు, కోపమొచ్చినా గొంతు పెంచదు. రోజంతా తనను తానే కాపలా కాసుకోవడం ఏ పిల్లకైనా ఎంత శిక్ష!

2018లో సౌత్ కరోలినాలో ఒక హైస్కూల్ వేసవి పఠన జాబితాలో ఈ నవల ఉండటాన్ని స్థానిక పోలీసు సంఘం వ్యతిరేకించింది. అమెరికాలో అత్యధిక అభ్యంతరాలు ఎదుర్కొన్న పది పుస్తకాల వార్షిక జాబితాలోకి ఇది పలుమార్లు ఎక్కింది.